మంచు కోసేవాడి రీలు

శుక్రవారం సాయంత్రం ఆరు దాటింది. సెరంగూన్ రోడ్డు పక్క సందులో, పూల దుకాణం మీద మూడో అంతస్తులో తారాదేవి ఆఫీసు. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. చెప్పులు విప్పాలా వద్దా అని నేల చూస్తోంది. చివరికి విప్పింది. ఒక చెప్పు బోర్లా పడింది. ఆమె దాన్ని సరిచేసుకోలేదు.

తారాదేవి ఆ చెప్పు చూసి, "శ్రీనాథ్, మంచినీళ్ళు" అంది.

తారాదేవికి అరవై ఒకటి. ముత్తాతలు విశాఖ రేవులో ఓడెక్కి ఈ దేశం వచ్చినవాళ్ళు. ముప్పై ఏళ్ళు ఒక బీమా కంపెనీలో అగ్నిప్రమాదాల కేసులు పరిశీలించింది. తగలబడిన గోదాములో నిలబడి, ఇది తనంతట తాను అంటుకుందా, ఎవరైనా అంటించారా అని చెప్పడం ఆమె పని. రిటైరయ్యాక లైసెన్సు తీసుకుని సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టింది.

శ్రీనాథ్‌ది వరంగల్. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో పన్నెండేళ్ళు కంప్యూటర్ల మీద పనిచేశాడు. ఆ ఉద్యోగం పోయాక ఇక్కడ చేరి రెండేళ్ళయింది. తాను వారం చూసినా కనపడనిది ఆవిడకి ఒక్క చూపులో కనపడుతుందని అతని నమ్మకం. అందుకే ఆవిడ చూసిన వైపల్లా తానూ చూస్తాడు. ప్రతి మాటా నోట్‌బుక్కులో రాస్తాడు.

అమ్మాయి పేరు భువన. ఏలూరు దగ్గర ఊరు. తువాస్‌లో పాత సినిమా రీళ్ళని శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కించే ఒక చిన్న ల్యాబ్‌లో రెండేళ్ళుగా టెక్నీషియన్. నీళ్ళు తాగి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

యీషున్‌లో వరలక్ష్మమ్మ అనే ఎనభై ఆరేళ్ళావిడ ఉంది. ఆమె తండ్రి రామదాసు ఒకప్పుడు డేరా వేసి సినిమా ఆడించే కంపెనీలో ఆపరేటరు. ఆయన దాచుకున్న రీలు ఒకటి ఆ ఇంట్లో ఉంది. 1911లో అమెరికాలో తీసిన మూగచిత్రం. 'మంచు కోసేవాడి పెళ్ళికూతురు' అని పేరు. పన్నెండు నిమిషాల ప్రేమకథ. ఇంకెక్కడా దాని కాపీ లేదని అక్కడి సినిమా భాండాగారం వాళ్ళు ఉత్తరం రాశారు. దాన్ని తెచ్చి, ఎక్కించి, వాళ్ళకి పంపే పని భువన పనిచేసే ల్యాబ్‌కి వచ్చింది.

గురువారం ఆమె వెళ్ళి రేకు డబ్బా తెచ్చింది. ల్యాబ్‌లో చల్లగది. దాని తాళం అంకెలు ఆమెకీ, యజమాని కేశవరావుకీ తప్ప ఎవరికీ తెలియవు. శుక్రవారం పొద్దున ఇద్దరూ కలిసి తెరిచారు. డబ్బాకి అతికించిన టేపు చెక్కుచెదరలేదు. లోపల మాత్రం వేరే రీలు ఉంది. సబ్బు ప్రకటన.

"సోమవారం తొమ్మిదింటికల్లా అసలు రీలు టేబుల్ మీద ఉండాలన్నారండి. లేకపోతే పోలీసు కంప్లయింటు ఇస్తారు. కంప్లయింటు పడితే నా వర్క్ పాస్ ఉండదు. ఇంటికి పోవడమే. దొంగ అన్న పేరుతో పోవాలి."

"యీషున్‌లో నువ్వు చూసింది అసలుదేనని ఎలా తెలుసు?" అంది తారాదేవి.

పెద్దావిడ గదిలో కిటికీ దగ్గర నాలుగు అడుగులు విప్పి చూశానని భువన చెప్పింది. గడ్డకట్టిన నది, మంచు పలకలు లాగుతున్న గుర్రం కనపడ్డాయి. వాసన కూడా తేడా. ఆ కాలపు ఫిల్ము తయారీలో కర్పూరం కలిపేవాళ్ళు. వందేళ్ళయినా ఆ వాసన పోదు. నిప్పు చూపిస్తే ఆ ఫిల్ము భగ్గుమంటుంది. తర్వాత వచ్చిన ఫిల్ము అలా మండదు గానీ, పాతబడితే వెనిగర్ వాసన వేస్తుంది. ల్యాబ్‌లో డబ్బా తెరవగానే కొట్టింది వెనిగర్ వాసన.

"అంటే నువ్వు చూశాకే మారింది. టేపు ఎప్పుడు వేశావు?"

భువన తల వంచుకుంది.

"రీలు తీసుకున్న రసీదు కాగితంలో ఒకటీ ఇరవై అయిదు అని రాశాను."

"కాగితం సంగతి అడగలేదు."

"మూడూ అయిదుకి వేశాను." ఆమె గొంతు తగ్గింది. "చూడగానే టైమ్ రాసేశానండి. టేపు వేయబోతుంటే పెద్దావిడ, ఆగమ్మా, బొట్టు పెట్టి పూజలో ఉంచుతాను అన్నారు. దీపం మాత్రం వద్దని బతిమాలాను. బొట్టు పెట్టి దేవుడి అరలో పెట్టి ఆవిడ పడుకున్నారు. ఇంక తీసుకెళ్దామంటే, రాహుకాలం దాటాక పంపమని పెద్దావిడ అన్నారట, మూడు దాకా ఆగమని చెప్పారు. బేస్తవారం ఒకటిన్నర నుంచి మూడే కదండి, మా ఇంట్లోనూ చూస్తారు. హాల్లో కూర్చున్నాను. కింద వ్యాను డ్రైవరు ఎదురు చూస్తూనే ఉన్నాడు."

"ఆగమని చెప్పిందెవరు?"

"ఆవిడ మనవరాలి భర్త, వరుణ్ గారు. మజ్జిగ కూడా ఇచ్చారు."

గంటన్నర సేపు డబ్బా టేపు లేకుండా పెద్దావిడ గదిలో ఉంది. కాగితం ప్రకారం మాత్రం ఒకటీ ఇరవై అయిదు నుంచి అది సీలు వేసి భువన చేతిలో ఉంది. ఆమె మీద తప్ప ఇంకెవరి మీదా అనుమానం రాకపోవడానికి ఆమె రాసిన ఆ ఒక్క అంకె చాలు. ఈ సంగతి యజమానికి చెప్పావా అని తారాదేవి అడిగింది. చెప్పలేదంది. చెబితే తప్పుడు కాగితం రాశావని అదొకటి మెడకి చుట్టుకుంటుందని భయం.

ఆమె వెళ్ళాక శ్రీనాథ్, ఈ అమ్మాయిని నమ్మొచ్చా అని అడిగాడు.

"తనకి చెరుపు చేసే మాట తానే చెప్పింది. దొంగతనం చేసిన మనిషి ఆ మాట దాచుకుంటుంది" అంది తారాదేవి.

మర్నాడు శనివారం. తొమ్మిదీ ఇరవైకి యీషున్‌లో వరలక్ష్మమ్మ ఉండే ఫ్లాట్ల బ్లాకు కిందికి చేరారు. లిఫ్టు దగ్గర శ్రీనాథ్ నసిగాడు. "మేడం, రాహుకాలం నడుస్తుంది. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. పెద్దావిడకు పట్టింపు ఉందంటున్నరు. ఇప్పుడు పోతే మొహం మీద తలుపేస్తదేమో. పదిన్నర దాకా కింద కాఫీ తాగుదామా?"

తారాదేవి లిఫ్టు మీట నొక్కింది.

తొమ్మిదో అంతస్తు. వరండాలో కరివేపాకు కుండీలు, ఒక సైకిలు. గుమ్మం పక్కనే మంటలార్పే ఎర్రటి సిలిండరు గోడకి బిగించి ఉంది. తలుపు తీసిన పురుషోత్తం పెద్దావిడ కొడుకు. అరవై మూడేళ్ళు. అగ్నిమాపక దళంలో పనిచేసి రిటైరయ్యాడు. వెన్ను ఇంకా నిటారుగానే ఉంది.

లోపలి నుంచి వరలక్ష్మమ్మ కేకేసింది. "రండి రండి. పదింటి లోపలే వచ్చారు, మంచిది. పది దాటితే నేను ఏ పనీ మొదలెట్టను. పదకొండున్నర దాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి."

శ్రీనాథ్ వాచీ చూసుకున్నాడు. నోట్‌బుక్కులో ఏదో రాయబోయి మానేశాడు.

ఆమె గది చిన్నది. మంచం, కిటికీ, గోడకి దేవుడి అర. అర పక్కన ఇక్కడి గుడివాళ్ళు అచ్చువేసిన క్యాలెండరు. తారాదేవి ఆ క్యాలెండరు ముందు కాసేపు నిలబడింది. అరలో గుండ్రంగా దుమ్ము లేని చోటు ఒకటి ఉంది. కంచమంత ఉంటుంది.

వరలక్ష్మమ్మ ప్లేటులో జంతికలు పెట్టి ఇచ్చింది. ప్లాస్టిక్ సంచీలోంచి తీసింది. శ్రీనాథ్ ఒకటి కొరికాడు. అది విరగలేదు, సాగింది.

"మెత్తబడ్డాయి నాయనా. ఏమీ అనుకోకు. పెద్ద స్టీలు డబ్బా ఉండేది, రెండు రోజులబట్టి కనపడ్డం లేదు. ఈ చెమ్మకి సంచీలో పెడితే ఏం ఉంటాయి?"

గురువారం సంగతి అడిగితే చెప్పింది. బొట్టు పెట్టి, మాత్ర వేసుకుని పడుకుంది. ఆ మాత్రకి డప్పులు కొట్టినా మెలకువ రాదు. లేచేసరికి నాలుగైంది. డబ్బా లేదు. వెళ్తున్నానని ఆ పిల్ల చెప్పి వెళ్తే బాగుండేది అనుకుంది, అంతే.

రీలు ఇచ్చేయడం మీకు ఇష్టమేనా అని తారాదేవి అడిగింది. వరలక్ష్మమ్మ కిటికీ వైపు చూసింది.

"ఇష్టమేమిటమ్మా. మావాడికి భయం. మంటల్లో పనిచేసినవాడు. ఇన్ని కుటుంబాలున్న బ్లాకులో అది ఉండకూడదన్నాడు. వాడన్నది నిజమే. సరే అన్నాను."

హాల్లో పురుషోత్తంతో మాట్లాడారు. ఆయన దేన్నీ తిప్పి చెప్పే మనిషి కాదు. ఆ రీలు గురించి చదివి తెలుసుకున్నాక తనకి నిద్ర పట్టలేదన్నాడు. నీళ్ళలో ముంచినా ఆ మంట ఆరదు. ఆరు నెలలు తల్లితో వాదించి ఒప్పించాడు. గురువారం ఒకటింటికి కిందకి వెళ్ళి అందరికీ తినడానికి మకాన్ కట్టించుకుని, పాత స్నేహితుడు కనపడితే మాటల్లో పడి, మూడు కావస్తుండగా పైకి వచ్చాడు. ఆ అమ్మాయి గడియారం చూస్తూ కూర్చుంది. వ్యాను కోసం అనుకున్నాడు.

కూతురు యోగిత గురువారం మధ్యాహ్నమంతా తన గదిలో వీడియో మీటింగులో ఉంది. భాండాగారానికి ఉత్తరం రాసింది ఆమే. సినిమా కథ ఏమిటని తారాదేవి అడిగితే భుజాలెగరేసింది.

"డోంట్ నో, ఆంటీ. సమ్‌థింగ్ అబౌట్ ఐస్. పాటి, మై గ్రాండ్‌మా, చెప్తుంది, కానీ షి గోస్ ఆన్ అండ్ ఆన్. నాకు సగం తెలుగు అర్థం కాదు."

ఆమె భర్త వరుణ్ చివర కూర్చున్నాడు. తెనాలి పక్క ఊరు. వచ్చి మూడేళ్ళయింది. రాఫెల్స్ ప్లేస్‌లో ఉద్యోగం, గురువారాలు ఇంటి నుంచే పని. అడిగినదానికి నెమ్మదిగా జవాబిచ్చాడు. ఆ అమ్మాయికి మజ్జిగ ఇచ్చి తన పనిలో తాను ఉన్నానన్నాడు.

తారాదేవి అతన్నీ కథ అడిగింది. అతని మొహం మారింది. చేతులు కదిలాయి.

"నది గడ్డకట్టి ఉంటుందండి. పొరుగూరి కుర్రాడు రంపంతో మంచు పలకలు కోస్తుంటాడు. మిల్లు యజమాని కూతురు రోజూ గట్టు మీద నిలబడి చూస్తుంది. తండ్రి ఒప్పుకోడు. ఒకరోజు తెల్లవారి ఆ కుర్రాడు వచ్చేసరికి, తాను కోసిన గండి అంచున ఆమె తలగుడ్డ పడి ఉంటుంది. మునిగిపోయిందనుకుని దూకేస్తాడు. ఆమె ఒడ్డునే ఉంటుంది. గాలికి ఎగిరిపోయిన గుడ్డ అది. ఆమే పలక మీద పాక్కుంటూ వెళ్ళి అతన్ని లాగుతుంది. మామ్మగారి నాన్న డేరాలో తెర పక్కన నిలబడి ఇదంతా తెలుగులో చెప్పేవారట. రేవులో మూటలు మోసేవాళ్ళు వినేవాళ్ళు. చేపల పెట్టెలో తప్ప మంచు చూడనివాళ్ళు."

"మీకు బాగా తెలుసు" అంది తారాదేవి.

"రోజూ చెప్తారండి. డబ్బా ఒళ్ళో పెట్టుకుని చెప్తారు."

బయటికి వచ్చాక శ్రీనాథ్ తన అనుమానం చెప్పాడు. రీలంటే పడనిది పురుషోత్తానికి. దాన్ని ఎక్కడో తగలబెట్టించి ఉంటాడు. లేదంటే యోగిత. బయటి దేశాలతో ఉత్తరాలు నడిపింది ఆమే కదా.

"రీలు పోవాలని పురుషోత్తం అనుకున్నాడు, అది పోతూనే ఉంది. యోగిత పంపాలనుకుంది, పంపుతూనే ఉంది" అంది తారాదేవి. "పోకూడదని ఎవరికి ఉంది?"

"పెద్దావిడకు. కానీ ఆమె నిద్రపోయింది."

"అవును. నిద్రపోయింది."

రాత్రి భోజనం ముందు ఆమె కేశవరావుకి ఫోన్ చేసి, ఆదివారం మూడింటికి యీషున్ రమ్మంది. వ్యానులో చల్లపెట్టె కూడా తెమ్మంది. ఆయన ఎందుకని అడిగాడు. తెస్తే తెలుస్తుందంది.

ఆదివారం మూడింటికి ఆ హాల్లో అందరూ కూర్చున్నారు. కేశవరావు గుమ్మానికి దగ్గరగా, వాచీ చూసుకుంటూ. భువన ఆయనకి దూరంగా, గోడకి ఆనుకుని. సోఫాలో యోగిత, వరుణ్. వరలక్ష్మమ్మ కుర్చీలో. పురుషోత్తం కూర్చోలేదు.

తారాదేవి ముందుగా భువన వైపు చూసింది. భువన లేచి, టేపు మూడూ అయిదుకి వేశానని, కాగితంలో రాసింది అబద్ధమని అందరి ముందూ చెప్పింది. కేశవరావు ముఖం ఎర్రబడింది. ఇంకేముంది, ఒప్పుకుంది కదా అన్నాడు.

"ఒప్పుకుంది టేపు సంగతి. దాంతో గంటన్నర ఖాళీ దొరికింది మనకి" అంది తారాదేవి. "ఆ గంటన్నర ఎలా వచ్చింది? డబ్బాకి బొట్టు పెట్టాక ఈ అమ్మాయి వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. రాహుకాలమని ఆపారు. ఒకటిన్నర నుంచి మూడు అన్నారు. ఈ అమ్మాయికి అనుమానం రాలేదు. వాళ్ళ ఇంట్లోనూ అదే. శ్రీనాథ్‌కీ రాలేదు. వాళ్ళ ఇంట్లోనూ అదే."

ఆమె లేచి, పెద్దావిడ గదిలోంచి క్యాలెండరు తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

"రాహుకాలం గడియారాన్ని బట్టి రాదు. పొద్దు పొడుపును బట్టి వస్తుంది. మన ఊళ్ళలో ఆరింటికి పొద్దు పొడుస్తుంది. ఇక్కడ ఏడింటికి. అందుకే ఇక్కడ అంతా ఒక గంట ఆలస్యంగా వస్తుంది. తరాలుగా ఉన్నవాళ్ళం మేము అలాగే చూస్తాం. కొత్తగా వచ్చినవాళ్ళు ఊరి లెక్కే పట్టుకుని వస్తారు. నిన్న తొమ్మిదీ ఇరవైకి శ్రీనాథ్ లిఫ్టు దగ్గర ఆగిపోయాడు. ఈవిడేమో పదింటి లోపల వచ్చారు, మంచిదన్నారు. వరలక్ష్మమ్మగారూ, బేస్తవారం మీకు రాహుకాలం ఎప్పుడు?"

"రెండున్నర నుంచి నాలుగు. మా నాన్న నాటి నుంచీ అంతే."

"రెండున్నరకి రాహుకాలం మొదలయ్యే ఇంట్లో, మూడూ అయిదుకి ఆ డబ్బాని గడప దాటించమని ఈవిడ అంటారా?"

యోగిత తల నెమ్మదిగా భర్త వైపు తిరిగింది.

"ఆ మాట ఈవిడది కాదు. ఈవిడ పేరు పెట్టి చెప్పిందెవరో వాళ్ళది. ఈ ఇంట్లో ఊరి లెక్క చూసేవాడు ఒక్కడే." తారాదేవి వరుణ్‌ని చూడకుండానే మాట్లాడింది. "ఈవిడ మాత్ర వేసుకుని పడుకున్నారు. యోగిత మీటింగులో. పురుషోత్తంగారు కింద. టేపు పడకుండా డబ్బా అరలో. రీలు తీసి రీలు పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. కానీ రేకు డబ్బా తువాస్ వెళ్ళాలి. అసలు రీలుకి ఇంకో డబ్బా కావాలి. గుండ్రంగా, కంచమంత, మూత గట్టిగా పట్టేది. ఈ ఇంట్లో జంతికలు సంచీలోకి వచ్చింది అందుకే."

వరుణ్ చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి.

"ఎక్కడుంది?" అన్నాడు పురుషోత్తం.

"షెల్టర్ గదిలో. బియ్యం బస్తా వెనక" అన్నాడు వరుణ్.

ఇక్కడి ఫ్లాట్లలో ఒక చిన్న గది ఉంటుంది. బాంబులు పడితే దాక్కోవడానికి కట్టినది. ఇనుప తలుపు, మందమైన గోడలు, గాలి ఆడదు. అందరూ సామాన్లు పడేసుకుంటారు. పురుషోత్తం పరిగెత్తలేదు. అందరినీ వరండాలోకి వెళ్ళమన్నాడు. తల్లిని తానే చెయ్యి పట్టి గుమ్మం దాటించాడు. లోపలికి వెళ్ళి, స్టీలు డబ్బాని పొట్టకి ఆనించుకోకుండా, చేతులు చాపి పట్టుకుని వచ్చాడు. పదడుగులే. ఆ పదడుగులూ అందరూ వరండాలోంచి చూశారు.

భువన వరండాలో నేల మీద కూర్చుని మూత తీసింది. కర్పూరం వాసన. అంచులు వేలితో తాకి చూసింది. నాలుగు అడుగులు విప్పి ఆకాశానికి ఎత్తి పట్టింది.

"బాగానే ఉందండి" అంది. వ్యాను నుంచి తెప్పించిన చల్లపెట్టెలో డబ్బా పెట్టి మూశారు.

మళ్ళీ లోపలికి వచ్చి కూర్చున్నాక వరుణ్ మాట్లాడాడు. ఎవరి మొహమూ చూడలేదు.

"ఆ సబ్బు రీలు దొంగతనానికి కొనలేదండి. అసలుది వెళ్ళిపోయాక మామ్మగారి చేతిలో పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలని ఆన్‌లైన్‌లో కొన్నాను. బుధవారం పొద్దున ఆవిడ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, రేపటి నుంచి నేనేం పట్టుకుని మాట్లాడతాను బాబూ అన్నారు. అప్పుడు అనిపించింది, ఇదే వాళ్ళకిద్దాం, అది ఇక్కడే ఉంచుదాం అని. ముసలివాళ్ళు పొరపాటు పడ్డారు, ఇది ఏదో ప్రకటన అని ల్యాబ్‌వాళ్ళు తేలుస్తారనుకున్నాను. ఎవరి మీదా పడదనుకున్నాను. ఈ అమ్మాయి లోపల బొమ్మ చూసిందని నాకు తెలీదు."

"శుక్రవారం ల్యాబ్‌వాళ్ళు ఫోన్ చేసినప్పుడు తెలిసింది" అంది తారాదేవి.

"తెలిసింది."

"శుక్రవారం, శనివారం."

"సోమవారం లోపల చెప్దామనుకున్నాను."

"అనుకున్నారు."

పురుషోత్తం కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

వరలక్ష్మమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. వరుణ్ సాయం పట్టబోతే వద్దంది.

"బాబూ. ఈ ఇంట్లో నా మాట చివరి దాకా విన్నది నువ్వొక్కడివే. అది నేను మర్చిపోను. కానీ నా కోసం చేశానని మాత్రం ఇంకెక్కడా అనకు. ఈ పిల్లకి జరిగింది నా పేరు మీద జరిగిందవుతుంది. నేనది మొయ్యలేను. నీ కోసం చేసుకున్నావు. నేను బాధపడుతుంటే చూళ్ళేక, నీ బాధ తీరడానికి చేసుకున్నావు. అలాగే రాసి ఇయ్యి వాళ్ళకి."

వరుణ్ రాశాడు. ఒక పేజీ. చేతి రాత వంకరగా వచ్చింది. వరలక్ష్మమ్మ దాన్ని చదవమంది, చదివాడు. రాహుకాలం మాట తానే కల్పించానన్న చోట ఆగాడు. మళ్ళీ చదివాడు.

కేశవరావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కంప్లయింటు లేదన్నాడు. తప్పుడు టైమ్ రాసినందుకు హెచ్చరిక ఉత్తరం మాత్రం భువన ఫైల్లో ఉంటుందన్నాడు. అది న్యాయమే, ఇవ్వండని భువన అంది. తర్వాత, శుక్రవారం పొద్దున ల్యాబ్‌లో నలుగురి ముందు తనని ఒక మాట అన్నారని, రేపు ఆ నలుగురి ముందే అది నిజం కాదని చెప్పాలని అంది. గొంతు పెంచలేదు. కేశవరావు చెప్తానన్నాడు.

వరలక్ష్మమ్మ ఆమె ముందుకి వచ్చి చేతులు జోడించబోయింది. భువన గభాలున ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించింది. "మీరలా చెయ్యకండి మామ్మగారూ. సినిమా ఎక్కించాక మొదట మీకే చూపిస్తాను. ఈ టీవీలోనే."

వరుణ్ ఆమె వెనక గుమ్మం దాకా వెళ్ళాడు. క్షమించమని అడిగాడు. భువన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది.

"రెండు రోజులండీ" అంది. "మీరు ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది. పరవాలేదులెండి అని నేను అనలేను. అనాలని కూడా లేదు."

అతను తల ఊపాడు. లిఫ్టు వచ్చింది.

కింద, బ్లాకు స్తంభాల మధ్య సిమెంటు బెంచీల దగ్గర, కేశవరావు చల్లపెట్టెని వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. భువన కొంచెం ఎడంగా వెళ్ళి ఫోన్ తీసింది. శుక్రవారం నుంచి ఆమె ఇంటికి ఫోన్ చేసినట్టు లేదు. అవతల ఎత్తగానే గబగబా మాట్లాడింది. పనెక్కువగా ఉండి చెయ్యలేదంది. బానే ఉన్నానంది. ఏం కూర వండావమ్మా అని అడిగింది. అవతలి మాట వింటూ, ఊఁ ఊఁ అంటూ, స్తంభానికి నుదురు ఆనించింది. భుజాలు కదులుతున్నాయి. గొంతు మాత్రం మామూలుగానే ఉంది. కాకరకాయ పులుసులో బెల్లం వేశావా అని అడుగుతోంది.

శ్రీనాథ్ అటే చూస్తూ నిలబడ్డాడు. తారాదేవి అతని మోచెయ్యి తాకి, రైలు స్టేషను వైపు నడిచింది.